ముత్యం కవరాల్ మీది మరక

దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక ఇరుకు సందు మొగదల ఉన్న ఫరీదుద్దీన్ టైలరింగ్ షాపులో నగేష్ పదకొండేళ్లుగా కుడుతున్నాడు. సిరిసిల్లవాడు. తాత మగ్గం నేశాడు, తండ్రి సాంచెలనే మరమగ్గాలు నడిపాడు, సాంచెలు మూతపడేనాటికి నగేష్ చేతికి కత్తెర వచ్చింది. బట్ట విలువ తెలిసిన ఇల్లు అది. ఎవరి చొక్కా అయినా సరే, చిరుగు కనబడితే నగేష్ వేళ్లు సూది కోసం వెతుక్కునేవి.

షాపులో రెండు గదులు. ముందు గదిలో ఆఫీసుల్లో పనిచేసే ఇండియావాళ్ల ఇళ్ల ఆడవాళ్లకు జాకెట్లు, డ్రెస్సులు కుట్టేవారు. వెనక గదిలో కంపెనీల నుంచి మూటలుగా వచ్చే కవరాళ్లకు, అంటే కూలీలు పనిలో మెడ నుంచి కాళ్ల దాకా తొడుక్కునే బట్టలకు, అతుకులు వేసేవారు. నగేష్ మిషన్ రెండు గదుల మధ్య గుమ్మం దగ్గర ఉండేది. అటు పనీ చేసేవాడు, ఇటు పనీ చేసేవాడు.

వసుంధరగారు ముందు గదికి పాత ఖాతాదారు. రాజమండ్రి ఆవిడ, భర్త రామచంద్రరావు ఒక కట్టడాల కంపెనీలో పెద్ద ఇంజినీరు. వాళ్ల కూతురు మనోజ్ఞను నగేష్ చిన్న గౌన్ల నాటి నుంచి ఎరుగును. ఆ పిల్లకు ఇప్పుడు పంతొమ్మిదేళ్లు, ఇక్కడే కాలేజీలో చదువుతోంది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆమె ఒంటరిగా షాపుకు వచ్చింది. ఒక చెవి పైన జుట్టు నున్నగా గీయించుకుంది. చేతిలో తండ్రి పాత జీన్స్ జాకెట్టు. దాని చేతులు రెండూ భుజాల దగ్గర కోసేసి, ఆ కోసిన అంచులను అలాగే పీచులు పీచులుగా వదిలెయ్యమంది. వీపు మీద ఒక నల్ల గుడ్డముక్కను పెద్ద పెద్ద కుట్లతో, అందరికీ కనబడేలా వెయ్యమంది.

నగేష్‌కు రోత పుట్టింది. కుట్టు కనబడకుండా రఫూ చేసి ఇస్తానన్నాడు. వద్దు, కనబడాలి అంది. బలిసినోళ్ల పిల్లలకు చినిగిన బట్ట కూడా ఒక సోకే అని మనసులో తిట్టుకుని, పైకి మాత్రం ఇంజినీరు బిడ్డకు ఈ ఖర్మ ఏమిటని అడిగాడు.

మనోజ్ఞ నొచ్చుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చుని చెప్పసాగింది. దీన్ని పంక్ అంటారట. యాభై ఏళ్ల కిందట న్యూయార్కులో, లండన్‌లో మొదలైందట. లండన్‌లో అప్పట్లో చదువు అయిపోయిన పిల్లలకు పని లేదు, వీధుల్లో చెత్త ఎత్తే దిక్కు లేదు. రేడియోలో వచ్చే పాటలేమో ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లవి, మేడల్లో ఉన్నవాళ్లవి. మా బతుకు పాట మేమే పాడుకుంటాం, మూడు స్వరాలు వస్తే చాలు, అవి సరిగా రాకపోయినా చాలు అని ఆ పిల్లలు గిటార్లు పట్టుకున్నారు. చినిగిన చొక్కాలకు పిన్నీసులు పెట్టుకున్నారు. చెప్పదలచుకున్న మాటను చొక్కా మీద సొంత చేత్తో రాసుకున్నారు. పేపరువాళ్లు తమ గురించి రాయకపోతే తామే రాసి జిరాక్సు తీసి పంచుకున్నారు.

"ఎవర్నీ పర్మిషన్ అడగకూడదు అంకుల్. మనకి రాదు కదా అని ఆగిపోకూడదు. అదే దాని అర్థం," అంది.

రానివాడు మిషన్ ముట్టుకోకూడదన్నది నగేష్ నేర్చుకున్న మొదటి పాఠం. అందుకని ఆ మాట అతనికి ఎక్కలేదు. కానీ పిన్నీసుల సంగతి మాత్రం మనసులో దిగింది. సాంచెలు మూతబడ్డ ఏడాది వాళ్లమ్మ జాకెట్టుకు హుక్కులు లేక పిన్నీసులతోనే నెట్టుకొచ్చింది. లేక పెట్టుకోవడం ఏమిటో అతనికి తెలుసు.

మనోజ్ఞ ఫోనులో తమ పాట వినిపించింది. ఆమె, ఆఫియా అనే స్నేహితురాలు కలిసి కట్టిన జట్టు. ఆఫియా డ్రమ్ములు వాయిస్తుంది, ఈమె గిటారు వాయిస్తూ పాడుతుంది. రేకుల కప్పును రాళ్ల మీద ఈడ్చినట్టుందని నగేష్ ఉన్నమాటే అన్నాడు. ఆ పిల్ల సంతోషపడింది. పాట దేని గురించని అడిగితే చెప్పింది. పదిహేనేళ్ల వయసులో ఒక శుక్రవారం తండ్రి కారులోంచి చూసిందట, ఒక మాల్ గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు సెలవు రోజు మంచి చొక్కాలు తొడుక్కుని వచ్చిన కూలీలను వెనక్కి పంపడం. ఈరోజు ఫ్యామిలీలకు మాత్రమే అన్నారట. 'ఫ్యామిలీస్ ఓన్లీ' అన్న ఆ మాటనే పల్లవి చేసి అరిచింది పాటలో.

నగేష్‌ను ఆ గేటు దగ్గర మూడుసార్లు వెనక్కి పంపారు. ఆ సంగతి అతను ఆమెకు చెప్పలేదు. జాకెట్టు చేతులు కోసి, గుడ్డముక్క ఆమె చేతికిచ్చి, సూది దారం ఇచ్చి, ఈ పాపం నాకొద్దు నువ్వే కుట్టుకో అన్నాడు. ఆమె వంకరటింకరగా కుడుతుంటే చూడలేక మొహం తిప్పుకున్నాడు.

నెల తిరక్కుండా ఆ జాకెట్టే విశాల్‌ను షాపుకు తీసుకొచ్చింది. విశాల్ బొంబాయివాడు. అదే మాల్‌లో కొత్తగా తెరుస్తున్న ఒక బట్టల కంపెనీకి ప్రచారం చూసే మనిషి. ఆ జాకెట్టు వేసుకుని మనోజ్ఞ పాడిన వీడియో చూశాడట. 'పంక్ వారం' అని వారం రోజుల ప్రదర్శన పెడుతున్నామని, పిల్లల జట్టు అందులో పాడుతుందని, ఎనభై జాకెట్లకు చిరుగులు, పిన్నీసులు కావాలని షాపు యజమాని ఫరీద్ భాయ్‌తో మాట్లాడుకున్నాడు. మనోజ్ఞ పక్కనే నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది.

జాకెట్లు కొత్తవి. గంజి వాసన కూడా పోని మందపు జీన్స్ గుడ్డ. ఏ చిరుగు ఎన్ని అంగుళాలు ఉండాలో, ఏ పిన్నీసు ఎక్కడ పెట్టాలో కాగితం మీద బొమ్మ వేసి ఇచ్చారు. ఎనభైకీ ఒకే చోట, ఒకే కొలత. నగేష్ మొదటిదాని మీద బ్లేడు పెట్టాడు. గట్టి బట్ట, తేలిగ్గా తెగలేదు. నేసినవాడెవడో గట్టిగా నేశాడు. చించి, ఆ చిరుగు ఇంకా చిరగకుండా చుట్టూ సన్నగా మిషన్ కుట్టు వెయ్యమన్నారు. చినిగినట్టు ఉండాలి కానీ చినగకూడదట. ఇంత రోత పని తన జన్మలో చెయ్యలేదని పక్క మిషన్ మీది బంగ్లాదేశీ అర్ఫాత్‌తో అన్నాడు. అర్ఫాత్ నవ్వి ఊరుకున్నాడు.

మూడోరోజు విశాల్ పని చూడటానికి వచ్చి, దారి తప్పినట్టు వెనక గదిలోకి వెళ్లాడు. అక్కడ కవరాళ్ల గుట్టలోంచి ఒకటి లాగి పట్టుకొచ్చాడు. నీలం రంగు ఎండకు వెలిసి బూడిద తిరిగింది. మెడ దగ్గర చెమట ఉప్పు చారలు. ఎడమ భుజం మీద అరచేతి కంటే పెద్ద ముదురు గోధుమరంగు మరక, అక్కడి నుంచి వీపు మీదికి రెండు ధారలు. వీపు మీద మార్కర్‌తో తెలుగులో ఏదో రాసి ఉంది. విశాల్ దాన్ని వెలుతురులో పట్టుకుని, తాను వెతుకుతున్నది ఇదేనని అన్నాడు. కవరాల్‌ను అలాగే ప్రదర్శనలో పెడతానన్నాడు. ఆ భుజం మరక మాత్రం ఎనభై జాకెట్ల మీదా రావాలన్నాడు. ఫరీద్ భాయ్ తల ఊపాడు. కవరాల్ మనిషికి కొత్తది ఇచ్చి సర్దిచెప్పుకుందాంలే అని నగేష్‌తో అన్నాడు.

ఆ మరకను అచ్చుగుద్దినట్టు దించడానికి నగేష్‌కు రెండు రోజులు పట్టింది. చిక్కటి టీ డికాక్షన్‌లో ఇనుప తుప్పు కలిపాడు, గోధుమరంగు అద్దకం వేశాడు, మూడు పూతలు పూసి వేడి ఇస్త్రీతో బిగించాడు. అంచు మాత్రం కుదిరి రాలేదు. అసలు మరకకు అంచున నల్లటి గీత ఉంది, లోపల కొంచెం ఎర్రజీర. చివరికి అదీ సాధించాడు. రెండూ పక్కపక్కన పెడితే ఏది అసలో చెప్పడం కష్టం. విశాల్ వీపు తట్టి, దోహాలో ఇలాంటి చెయ్యి ఇంకొకటి లేదన్నాడు. నగేష్‌కు లోలోపల బాగా అనిపించింది. రోతపని అని తిట్టుకుంటూనే ఎనభైకీ మరక పూశాడు. కవరాల్‌ను విశాల్ తనతో తీసుకెళ్లాడు.

గురువారం సాయంత్రం ముత్యం వచ్చాడు. సిరిసిల్ల పక్కనే చిన్నలింగాపూర్ అతనిది. సైటులో ఇనుప చువ్వలు కట్టే పని. కవరాల్‌కు జేబు ఊడితే కంపెనీ మూటలో వేశాడు, ఇంకా రాలేదేమని కనుక్కోవడానికి వచ్చాడు. ఫరీద్ భాయ్ నవ్వుతూ కొత్త కవరాల్ చేతికిచ్చాడు. ముత్యం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దీని మీద తన నంబరు లేదనీ, గేటు దగ్గర సూపర్‌వైజర్ లోపలికి పోనియ్యడనీ, తనది తనకిమ్మనీ నెమ్మదిగా అడిగాడు. అడుగుతూనే గోడకు వరసగా వేలాడుతున్న జాకెట్ల వైపు చూశాడు. దగ్గరికి వెళ్లి ఒకదాని భుజం మీద వేలు పెట్టాడు. తరవాత రెండోదాని మీద పెట్టాడు.

"గిదేందన్నా," అన్నాడు నగేష్ వైపు తిరిగి. "గంగాప్రసాద్ నెత్తురు గిన్నిటి మీదికి ఎట్లొచ్చింది?"

నగేష్ చేతిలోని కత్తెర కింద పెట్టాడు. ఎవరి నెత్తురని అడిగాడు.

ముత్యం చెప్పాడు. గంగాప్రసాద్‌ది మెట్‌పల్లి, తన రూములోని మనిషే. జనవరిలో మూడో అంతస్తులో చువ్వల కట్ట జారి అతని కుడిచేతి మీద పడింది. రెండు వేళ్లు అక్కడే పోయాయి. ఆ రోజు లిఫ్టు పనిచెయ్యడం లేదు. ముత్యం అతన్ని భుజాన వేసుకుని మెట్ల మీదుగా కిందికి దించాడు. ఆ నెత్తురే అది. నాలుగుసార్లు ఉతికినా పోలేదు. గంగాప్రసాద్ ఊరికి వెళ్లిపోయాడు. వాళ్లమ్మ రాములవ్వ ఇప్పటికీ ముత్యానికి ఫోన్ చేస్తుంది, దుబాయ్‌ల నా కొడుకును ఎత్తుకున్నోడివి నువ్వే గద బిడ్డా అని ఏడుస్తుంది. ఆమెకు దోహా అయినా దుబాయే.

"గది పోతలేదని నేను మొత్తుకుంటుంటే, నువ్వు కొత్త బట్టకు పూసినవా అన్నా?" అన్నాడు ముత్యం. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

నగేష్ కవరాల్ రేపు తానే తెచ్చిస్తానని మాత్రం చెప్పి పంపాడు. ఆ సాయంత్రం పంపు కింద చేతులు ఎంతసేపు కడిగినా గోళ్ల సందుల్లో గోధుమరంగు వదల్లేదు. ఆ చేత్తో అన్నం కలుపుకోబోయి పళ్లెం పక్కకు నెట్టాడు. రెండు రోజులు కష్టపడి అంచున నల్లగీత తెచ్చినందుకు తాను సంతోషపడ్డ సంగతి గుర్తొచ్చి, తన చేతులంటేనే ఏవగింపు కలిగింది.

మనోజ్ఞకు ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఆమె, ప్రదర్శనలో ఆ మరక జాకెట్టు తాను వేసుకోననీ, విశాల్‌తో మాట్లాడి కవరాల్ ఇప్పిస్తాననీ, తాను చూసుకుంటాననీ చెప్పింది. ఎవర్నీ పర్మిషన్ అడగొద్దన్న పిల్ల కదా, చూసుకుంటుందనే నగేష్ నమ్మాడు.

శుక్రవారం మధ్యాహ్నం ప్రదర్శన. బట్టలు సరిచెయ్యడానికి నగేష్‌ను రమ్మన్నారు. మాల్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టి ఫ్యామిలీ ఉందా అని అడిగాడు. విశాల్ ఇచ్చిన కాగితం చూపిస్తే, సామాన్లు వచ్చే వెనక దారి చూపించాడు. స్టేజీ వెనక గదిలో ముత్యం కవరాల్‌ను ఒక పొడుగాటి మోడల్ కుర్రవాడు తొడుక్కుని అద్దంలో చూసుకుంటున్నాడు. మొహానికి మసి రంగు పూశారు. వదులుగా ఉందని నగేష్‌ను నడుము దగ్గర పిన్నీసులు పెట్టమన్నారు. పెడుతుంటే విశాల్ వచ్చి, వీపు మీద రాసిన నినాదానికి అర్థం ఏమిటని అడిగాడు.

నినాదం కాదు, ఉతుకు దగ్గర తారుమారు కాకుండా మనిషి తన పేరూ ఊరి పేరూ రాసుకున్నాడని నగేష్ హిందీలో చెప్పాడు. విశాల్ నవ్వాడు. ఈ మాట ఎవరికీ చెప్పొద్దనీ, 'తిరగబడు' అని అర్థమని అతిథులకు ఇప్పటికే చెప్పేశాననీ అన్నాడు.

గది మూల మనోజ్ఞ కూర్చుని ఉంది. ఒంటి మీద మరక జాకెట్టే ఉంది. నగేష్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. వేసుకోవాలని ఒప్పందంలో రాశారట. విశాల్ ఆమె తండ్రికి ఫోన్ చేశాడట. ఈ మాల్‌వాళ్ల కొత్త కట్టడం పని తండ్రి కంపెనీ చేతిలోనే ఉందట, గొడవ చెయ్యొద్దని ఆయన బతిమాలాడట. పాటలో 'ఫ్యామిలీస్ ఓన్లీ' మాట కూడా తీసేయమన్నారు, అక్కడ ఊరికే రాగం తీస్తుందట. అది విని ఆఫియా డ్రమ్ము కర్రలు సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది. డ్రమ్ములు రికార్డులో వేస్తారు.

"ఎవల్నీ అడగొద్దంటివి గద బిడ్డా," అన్నాడు నగేష్.

మనోజ్ఞ పేరు పిలిస్తే గిటారు పట్టుకుని స్టేజీ మీదికి వెళ్లింది.

తెర వెనక నిలబడి నగేష్ ఆ పాట విన్నాడు. ఫోనులో విన్నప్పుడు చెవులు చిల్లులు పడ్డాయి. ఇప్పుడు గీచుకోవడం లేదు, గుచ్చుకోవడం లేదు. నూనె పూసినట్టు జారిపోతోంది. మాట ఉండాల్సిన చోట రాగం వస్తే జనం చప్పట్లు కొట్టారు. రేకుల చప్పుడు వెయ్యి రెట్లు నయం అనిపించింది అతనికి. ఆ జాకెట్లు తొడుక్కున్న ఆడపిల్లలు, మగపిల్లలు గంగాప్రసాద్ నెత్తురు భుజాన వేసుకుని వరసగా నడిచి వచ్చారు. కాఫీ కప్పులు పట్టుకున్న జనం ఫొటోలు తీసుకున్నారు. మోడల్ కుర్రవాడు చివర్న వెళ్లి, వీపు అందరికీ కనబడేలా గిర్రున తిరిగి వచ్చాడు.

గదిలోకి రాగానే ఆ కుర్రవాడు కవరాల్ విప్పి, దాని చేతితోనే మొహం మీది మసి తుడుచుకుని, కుర్చీ మీద పడేశాడు. నగేష్ దాన్ని తీశాడు. పిన్నీసులు ఒక్కొక్కటీ విప్పి బల్ల మీద పెట్టాడు. దులిపి, మడతపెట్టి, తన సంచీలో పెట్టుకున్నాడు. విశాల్ పరుగున వచ్చాడు. ఇంకా ఆరు రోజుల ప్రదర్శన ఉందన్నాడు, అతిథులంతా దాని గురించే అడుగుతున్నారన్నాడు, ఫరీదుద్దీన్‌కు చెప్పి ఉద్యోగం తీయిస్తానన్నాడు.

"యే ముత్యం కా హై," అన్నాడు నగేష్. "కల్ సుబహ్ ఉస్‌కో డ్యూటీ పే జానా హై."

ఇది ముత్యానిది, రేపు పొద్దున అతను డ్యూటీకి పోవాలి అని అంతే. వెనక దారిని కాకుండా జనం మధ్యలోంచి నడిచి ముందు గేటు నుంచే బయటికి వచ్చాడు. ముషైరిబ్ స్టేషన్ దాకా మెట్రోలో వెళ్లి, అక్కడి నుంచి బస్సులో ముత్యం క్యాంపుకు చేరేసరికి ఎండ తగ్గుతోంది. ముత్యం కవరాల్ తీసుకుని వాసన చూశాడు.

"సెంటు వాసనొస్తుందన్నా," అని బకెట్‌లో నానబెట్టాడు.

మర్నాడు ఫరీద్ భాయ్ చాలాసేపు తిట్టాడు. ఉద్యోగం తియ్యలేదు, ఎందుకంటే పండగ ముందు అంత కుట్టగల చెయ్యి మరొకటి దొరకదు. కానీ ముందు గది పని తీసేశాడు. నగేష్ మిషన్‌ను వెనక గదిలోకి, కవరాళ్ల గుట్ట పక్కకు జరిపించాడు.

మంగళవారం మనోజ్ఞ వెనక గదికే వెతుక్కుంటూ వచ్చింది. జాకెట్టు లేదు, మామూలు చుడీదారులో ఉంది. సంచీలోంచి కాగితాల కట్ట తీసింది. జిరాక్సు తీసి, మధ్యకు మడిచి, పిన్ను కొట్టిన నాలుగు పేజీల పుస్తకాలు, నలభై దాకా ఉన్నాయి. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. అన్నీ ఆమె చేతిరాతే. కవరాల్ కథ రాసింది. మాల్‌లో తాను ఏ మాట మింగిందీ రాసింది. ఆఫియా ఇంకా తనతో మాట్లాడటం లేదని కూడా రాసింది. వీటిని కాలేజీలో, బస్టాపుల్లో పంచుతానంది.

నగేష్ తెలుగు సగం చదివాడు. ఈ దేశంలో పెరిగిన పిల్ల కాబట్టి నిండా తప్పులే. నెత్తురును నెతురు అని రాసింది. కానీ ఎక్కడా తనను తాను వెనకేసుకు రాలేదు. రెండో పేజీలో అతను ఆగిపోయాడు.

"ముత్యం పేరు రాసినవ్," అన్నాడు. "ఊరు గుడ రాసినవ్. ఆయన్ను అడిగినవా?"

ఆమె లేదంది.

"నీకేం గాదు బిడ్డా. మీ నాయిన మందలిస్తడు, గంతే. ఇది కంపెనీ చేతుల వడితె ముత్యాన్ని ఇంటికి పంపుతరు. ఆళ్లు ఆయన పేరు వీపు మీద ఏసుకొని తిప్పిండ్రు. నువ్వు కాయిదం మీద ఏసుకొని తిప్పుతున్నవ్."

మనోజ్ఞ మొహం పాలిపోయింది. తరవాత పెన్ను తీసి, కవరాళ్ల గుట్ట పక్కన నేల మీదే కూర్చుని, నలభై పుస్తకాల్లోనూ పేరునూ ఊరునూ ఒక్కొక్కటిగా నల్లగా కొట్టేసింది. గంగాప్రసాద్ పేరూ కొట్టేసింది. గంట పట్టింది. అక్షరం ఎక్కడా కనబడకుండా రెండు వైపులా వెలుతురులో పెట్టి చూసుకుంది. నగేష్ ఆమెను ఓదార్చలేదు. వెళ్లేటప్పుడు మాత్రం ఒక పుస్తకం తనకు ఉంచమన్నాడు. తరవాత వాటిని ఆమె పంచిందో లేదో అతను కనుక్కోలేదు.

పంక్ వారం బాగా నడిచింది. ఎనభై జాకెట్లూ నాలుగో రోజుకే అమ్ముడైపోయాయట. కవరాల్ లేకపోయినా ఎవరూ పట్టించుకోలేదు. శనివారం విశాల్ మళ్లీ వచ్చాడు. ఈసారి రెండు వందల జాకెట్లు, అదే మరక. తప్పు నగేష్‌దే అయినా పెద్ద మనసుతో మరిచిపోతానన్నాడు. ఫరీద్ భాయ్ సంతోషంగా వెనక గదిలోకి వచ్చి, మళ్లీ గుమ్మం దగ్గరికి మిషన్ జరుపుకోమన్నాడు.

నగేష్ చెయ్యనన్నాడు. పదకొండేళ్లలో ఆ షాపులో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు. ఫరీద్ భాయ్‌కి సరిగా వినబడలేదేమోనని మళ్లీ చెప్పాడు. చినిగినవి ఎన్నయినా తెమ్మన్నాడు, ఎంత వెలిసినవైనా అతుకు వేస్తానన్నాడు, మరక మాత్రం పుయ్యనన్నాడు. ఫరీద్ భాయ్ అతని మొహం చూసి వాదించలేదు. జాకెట్ల మూటను అర్ఫాత్ ముందు పెట్టించాడు.

మధ్యాహ్నం అర్ఫాత్ కుంచె పట్టుకుని వచ్చి, అంచు నల్లగా రావాలంటే తుప్పు ఎంత కలపాలని హిందీలో అడిగాడు. నగేష్ అది ఎవరి నెత్తురో, ఎలా పడిందో, మొదటి నుంచీ చెప్పాడు. అర్ఫాత్ నిలబడి విన్నాడు. కుంచె బల్ల మీద పెట్టి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. తన తమ్ముడు లుసైల్ సైటులో చువ్వలు కడతాడని చెప్పాడు. కాసేపు గుమ్మంలో అటూ ఇటూ కాకుండా ఉండిపోయాడు. ముందు గదిలోంచి ఫరీద్ భాయ్ యల్లా, త్వరగా కానీ అని కేకేశాడు.

అర్ఫాత్ కుంచె తీసుకున్నాడు. నగేష్ కళ్లలోకి చూడకుండా ముందు గదిలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి అక్కడి నుంచి వేడి ఇస్త్రీ కింద తడి టీ కాలుతున్న వాసన వచ్చింది. నగేష్ ముక్కుకు గుడ్డ కట్టుకుని, మోకాలు చినిగిన కవరాల్ ఒకటి మిషన్ మీదికి లాక్కున్నాడు.